బాలమురళి గారి రచనల్ని వినడం, నేర్చుకోవడం, దాచుకోవడం: ఒక బెజవాడ అభిమాని పద్ధతి

మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి గొంతు తెలియని తెలుగువాళ్ళు అరుదు. రామదాసు కీర్తనలు, త్యాగరాజ కృతులు, అన్నమయ్య పదాలు, పొద్దున్నే రేడియోలో భక్తిరంజని, వీటిలో ఏదో ఒకటి చెవిన పడకుండా పెరిగిన వాళ్ళు మా తరంలో లేరనే చెప్పాలి. కానీ ఆయన సొంతంగా రాసి, తనే వరుస కట్టి, తనే పాడిన వాటిలో ఎన్ని విన్నారని అడిగితే "ఆ తిల్లానా ఒకటుంది కదా" అని ఆగిపోయేవాళ్ళే ఎక్కువ. 400కు పైగా రచనలు చేసిన మనిషి ఆయన. కృతులు, వర్ణాలు, తిల్లానాలు, జావళీలు, తెలుగులో, సంస్కృతంలో, తమిళంలో. అందులో పదోవంతు కూడా మనం వినలేదంటే బాధగా ఉంటుంది, అదీ ఆయన పెరిగిన ఊళ్ళో ఉండి.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన పాటే. ఈ మధ్య చాలామంది కుర్రాళ్ళు "ఆయన సొంత రచనలు వినాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి" అని అడుగుతున్నారు, అడిగిన ప్రతివాళ్ళకీ ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే ఒకచోట రాసి పెడితే మంచిదని రాస్తున్నా. సంగీతం నేర్చుకుని ఉండాల్సిన పనిలేదు. ఏడు స్వరాల పేర్లు తెలిస్తే చాలు. గొంతు మీద ఇష్టంతో మొదలుపెట్టినా పర్లేదు, అందరం అలాగే మొదలుపెట్టాం, కాకపోతే అక్కడే ఆగిపోవద్దు. ఆయన గొంతు ఎంత గొప్పదో ఆ గొంతుకి ఆయన రాసుకున్న పాటలు వింటేనే పూర్తిగా తెలుస్తుంది.

నాలుగు స్వరాలతో మొదలుపెట్టండి

మొదటి వారం ఒక్కటే పని, మహతి రాగం. ఇది ఆయన సృష్టించిన రాగం. ఇందులో స, గ, ప, ని, ఈ నాలుగే స్వరాలు. ఆయన కృతి "మహనీయ మధురమూర్తే" దీనిలోదే. కృతి పెట్టేముందు ఫోన్‌లో తంబూరా యాప్ ఏదైనా పెట్టుకుని, మీ గొంతుకి ఇబ్బంది లేని శ్రుతి ఎంచుకుని, ఆ నాలుగు స్వరాలు పాడండి. పాడటం రాకపోతే కూనిరాగం తీయండి. ఇంట్లో హార్మోనియమో కీబోర్డో ఉంటే ఇంకా సులువు, ఒకటి శ్రుతిలో (అంటే 'సి' మెట్టుని స అనుకుంటే) స, గ, ప మూడూ తెల్ల మెట్లే, ని మాత్రం నల్ల మెట్టు. పైకి స గ ప ని స, కిందికి స ని ప గ స. అంతే రాగం.

ఇప్పుడు ఆ నాలుగింటితో ఏదైనా చిన్న సంగతి, అంటే స్వరాల వరస, కట్టడానికి ప్రయత్నించండి. రెండు నిమిషాల్లో చేతిలో సరుకు అయిపోతుంది. ప నుంచి ని కి వెళ్తుంటే మధ్యలో ద పలకాలని గొంతు తహతహలాడుతుంది, గ దగ్గర రి జారిపోతుంది. అప్పుడు ఆయన కృతి పెట్టండి. పల్లవి ఎత్తుకోగానే తెలుస్తుంది, అసలు లేని స్వరాల లోటే కనిపించదు. ని మీద ఎంతసేపు నిలబడతారో, అక్కడి నుంచి ప మీదకి ఎలా దిగుతారో, గ స్వరాన్ని ఎక్కడ నిఖార్సుగా పలికిస్తారో గమనించండి. ఒకటికి నాలుగుసార్లు వినండి, కానీ రెండో పాట పెట్టొద్దు.

వలజి రాగం తెలిసినవాళ్ళకి ఇంకో పని చెప్తా. వలజిలో స గ ప ద ని. అందులోంచి ద తీసేస్తే మిగిలేది మహతి. వలజిలో ఏదైనా కృతి విని వెంటనే మహతి వినండి. ఒక్క స్వరం తీసేస్తే రాగం మనిషే మారిపోయినట్టు వేరే ముఖంతో వస్తుంది. ఈ తేడా చెవికి తగిలిన రోజు మీరు బాలమురళి గారి అభిమాని నుంచి ఆయన రచనల శ్రోతగా మారారన్నమాట, నా లెక్క ప్రకారం.

సినిమా పాటల దారిలో వచ్చేవాళ్ళకి కూడా మహతిలో ఒక తలుపు ఉంది. 1975లో వచ్చిన దర్శకుడు కె. బాలచందర్ తమిళ సినిమా 'అపూర్వ రాగంగళ్'లో ఏసుదాసు పాడిన "అతిశయ రాగం" ఈ రాగంలోనే మొదలవుతుంది, సంగీతం ఎం.ఎస్. విశ్వనాథన్. ముందు అది విని తర్వాత కృతి వింటే చాలామందికి దగ్గరగా అనిపిస్తుంది.

మహతి చెవికి పట్టాక లవంగి. ఇదీ నాలుగు స్వరాలే, స రి మ ద, రి ద రెండూ శుద్ధ స్వరాలు (ఆ స్వరం రకాల్లో అన్నిటికంటే కిందివి), మ శుద్ధ మధ్యమం. "ఓంకారాకారిణి" వినండి. ఆ తర్వాత సర్వశ్రీ, ఇక్కడ మూడే స్వరాలు, స మ ప. "ఉమాసుతం నమామి" ఆ మూడింటితోనే నడుస్తుంది. మూడు స్వరాలతో కృతి ఏమిటి అని అనుమానం ఉన్నవాళ్ళు కళ్ళు మూసుకుని వినాలి.

రాగానికి కనీసం ఐదు స్వరాలు ఉండాలి, నాలుగు మూడింటిని రాగమనడానికి వీల్లేదు అని అప్పట్లో పెద్ద వాదమే నడిచింది, వీణ ఎస్. బాలచందర్ గారు గట్టిగా వ్యతిరేకించారు. ఆ వాదాల వివరాల్లోకి మొదట్లోనే దిగకండి. ముందు చెవి నిండా వినండి. నా మటుకు నాకు మహతి విన్న ప్రతిసారీ ఇది రాగమే అనిపిస్తుంది, శాస్త్రం దాని పని అది చూసుకుంటుంది.

ఒకే రచన, వేర్వేరు కచేరీలు

ఇది అన్నిటికంటే ముఖ్యమైన పని, చాలామంది చేయనిది కూడా. ప్లేలిస్ట్ పెట్టుకుని ఒకటి తర్వాత ఒకటి వింటూ పోతే అన్నీ కలిసిపోయి ఏదీ మిగలదు. ఒక రచన ఎంచుకోండి. ఉదాహరణకి కదనకుతూహలం తిల్లానా. దాని రికార్డింగులు దొరికినన్ని పోగుచేయండి. ఒకటి స్టూడియోలో పాడింది, ఒకటి వయసులో ఉన్నప్పటి కచేరీ, ఒకటి పెద్ద వయసులో పాడింది, శిష్యులు పాడింది ఒకటి. ఒక వారమంతా ఇవే.

వినేటప్పుడు ఒక్కో రోజు ఒక్కోదాని మీద చెవి పెట్టండి. ఒకరోజు తాళం వేస్తూ కూర్చోండి, ఎత్తుగడ సమం (తాళం మొదటి దెబ్బ) మీద పడుతుందా, దానికి ముందో వెనకో పడుతుందా (అతీతం, అనాగతం అంటారు) అన్నది చేతికి తెలియాలి. ఒకరోజు మృదంగం మీదే దృష్టి పెట్టండి, జతులు (తధీం, తకిట లాంటి లయ మాటలు) వచ్చినప్పుడు మృదంగం వాటినే అనుసరిస్తుందా, ఎదురు నడుస్తుందా అని. ఒకరోజు సాహిత్యం. తిల్లానా అంటే జతులే అనుకుని చివర్లో వచ్చే మాటల్ని వదిలేస్తారు చాలామంది. మురళి, మురళీగాన అని సంతకం లాంటి ఆయన ముద్ర ఎక్కడ వేశారో వెతకండి. ముద్ర కనిపెట్టడం ఆట లాంటిది, పిల్లలకి కూడా నచ్చుతుంది. మా ఇంట్లో పిల్లలు కృతి వస్తుంటే "ఇదిగో వచ్చింది" అని అరుస్తారు.

సాహిత్యం చేత్తో రాసుకోండి. ఫోన్‌లో టైప్ చేయడం కాదు, నోటుపుస్తకంలో పెన్నుతో. రాసేటప్పుడు మాట ఎక్కడ విరిగిందో, ఏ అక్షరం మీద సాగదీశారో తెలుస్తుంది. ఎడమ పేజీలో సాహిత్యం, కుడి పేజీలో మీరు గమనించినవి, అంటే ఏ కచేరీలో ఏ సంగతి అదనంగా వేశారు, ఎక్కడ నవ్వారు (అవును, కచేరీలో ఆయన నవ్వు గొంతులోనే వినిపిస్తుంది), స్వరకల్పన (అప్పటికప్పుడు స్వరాలు అల్లి పాడటం) ఎక్కడ ఎత్తుకున్నారు. తేదీ తెలిస్తే తేదీ, ఊరు తెలిస్తే ఊరు. తెలియకపోతే ఖాళీ వదిలేయండి, ఊహించి రాయొద్దు. తర్వాత ఎవరైనా మీ పుస్తకం చూసి అదే నిజమనుకుంటారు.

తిల్లానాల తర్వాత వర్ణాలు. షణ్ముఖప్రియలో "ఓంకార ప్రణవ", గంభీరనాటలో "అమ్మా ఆనందదాయిని". వర్ణం అంటే సాధన కోసమే అని కొంతమంది పక్కన పెట్టేస్తారు. ఈ రెండూ వింటే ఆ మాట మళ్ళీ అనరు. ముక్తాయి స్వరం దగ్గర, చిట్టస్వరాల దగ్గర (స్వరాల పేర్లతో పాడే భాగాలివి) ఆయన లెక్క ఎంత తేలిగ్గా వినిపిస్తుందో, తాళం వేసి చూస్తే అంత కష్టంగా ఉంటుంది. గంభీరనాటకి మాత్రం కాస్త సౌండు ఎక్కువ పెట్టి వినండి, పక్కింటివాళ్ళు ఏమీ అనుకోరు.

వయోలా వాయించిన రికార్డింగులు దొరికితే వదలొద్దు. ఆయన వయోలిన్, వయోలా, మృదంగం, కంజీర, వీణ అన్నీ పట్టినవారు. తల్లి సూర్యకాంతమ్మ గారు వీణ వాయించేవారు, పసితనంలోనే ఆమెని పోగొట్టుకున్నారు. తండ్రి పట్టాభిరామయ్య గారు వేణువు వాయించేవారు. గొంతుతో పాడిన రచననే వాద్యం మీద వింటే మాటలు లేకుండా వరుస ఎంత గట్టిగా నిలబడుతుందో తెలుస్తుంది.

త్రిముఖి, పంచముఖి, సప్తముఖి, నవముఖి అని ఆయన కట్టిన తాళ పద్ధతి ఒకటుంది. అది మొదటి ఏడాదిలో ముట్టుకోవద్దు. ఎవరైనా మృదంగ విద్వాంసుల దగ్గర కూర్చుని నేర్చుకోవాల్సిన విషయం.

72 మేళకర్తలు: జతలు జతలుగా

పదిహేనేళ్ళు నిండేసరికే 72 మేళకర్త రాగాల (ఏడు స్వరాలూ ఉండే జనక రాగాలు) మీద పట్టు సాధించి, ఒక్కోదానిలో ఒక్కో కృతి చొప్పున రాశారు ఆయన. 1952లో అవి జనకరాగ కృతిమంజరిగా పుస్తకంగా వచ్చాయి, తర్వాత రాగాంగ రవళి పేరుతో ఆయన గొంతులోనే రికార్డయ్యాయి. అభిమాని అన్నవాడు జీవితంలో ఒక్కసారైనా 72 పూర్తిగా వినాలని నేను గట్టిగా నమ్ముతా. కానీ ఒకటి నుంచి మొదలుపెట్టి వరసగా వింటే ఎనిమిదో తొమ్మిదో రాగం దగ్గర మానేస్తారు. ఎందుకంటే మొదట్లో వచ్చేవి చాలావరకు చెవికి అలవాటు లేని రాగాలే. 72లో 40 వివాది మేళాలు (పక్కపక్క స్వరాలు పొసగనంత దగ్గరగా ఉండేవి), చాలామంది విద్వాంసులు కచేరీల్లో వాటి జోలికే పోరు.

అందుకని జతలుగా వినండి. మేళకర్తల్లో 1 నుంచి 36 దాకా శుద్ధ మధ్యమం (కింది మ), 37 నుంచి 72 దాకా ప్రతి మధ్యమం (పై మ). ఏ మేళం సంఖ్యకైనా 36 కలిపితే వచ్చే మేళంలో మ ఒక్కటే మారుతుంది, మిగతా అన్ని స్వరాలూ అవే. 29వ మేళం ధీరశంకరాభరణం, 65వది మేచకల్యాణి. ఈ రెండింటిలో ఆయన కృతులు వెంట వెంటనే వినండి. తర్వాత 22 ఖరహరప్రియ, 58 హేమవతి. తర్వాత 20 నటభైరవి, 56 షణ్ముఖప్రియ. 28 హరికాంభోజి, 64 వాచస్పతి. 15 మాయామాళవగౌళ, 51 కామవర్ధిని. తెలిసిన రాగాలతో మొదలుపెట్టి, చెవి తయారయ్యాక వివాది మేళాల్లోకి వెళ్తే బెదురుండదు. వారానికి ఒక జత అనుకుంటే 36 వారాలు. మధ్యలో పరీక్షలు, పెళ్ళిళ్ళు, పండగలు వస్తాయి కాబట్టి ఏడాది పెట్టుకోండి.

సంఖ్యలు గుర్తుపెట్టుకోవడానికి కటపయాది సంఖ్య (అక్షరానికో అంకె వేసే పద్ధతి) నేర్చుకోండి, అరగంట పని. రాగం పేరులో మొదటి రెండు అక్షరాలకి అంకెలు వేసి తిరగేస్తే మేళం సంఖ్య వస్తుంది. హరికాంభోజిలో హ అంటే 8, రి అంటే 2, తిరగేస్తే 28. మేచకల్యాణిలో మే అంటే 5, చ అంటే 6, తిరగేస్తే 65. ఇది వచ్చాక బస్సులో కూర్చుని కూడా లెక్క కట్టుకోవచ్చు.

క్యాసెట్లు ఉంటే ముందు వాటి సంగతి చూడండి

ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తా, ఎందుకంటే ఇది ఆలస్యమైతే మళ్ళీ చేతికి రాదు. అధికారికంగా విడుదలైన ఆల్బమ్‌లు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి, అవి కొనుక్కుని వినండి. రేడియోలోంచి ఇళ్ళల్లో రికార్డు చేసుకున్నవి, సభల్లో ముందు వరుసలో టేప్ రికార్డరు ఒళ్ళో పెట్టుకుని పట్టినవి మాత్రం ఆ ఒక్క ఇంట్లోనే ఉంటాయి. బెజవాడ, గుంటూరు, తెనాలి వైపు పాత ఇళ్ళల్లో అటకల మీద, బీరువా అడుగున ఇప్పటికీ ఉన్నాయి. ఇల్లు అమ్మేటప్పుడో, పెద్దాయన పోయినప్పుడో పాత సామానుతో వెళ్ళిపోతాయి.

క్యాసెట్ దొరకగానే ప్లేయర్లో పెట్టేయొద్దు. ముందు వెలుతురులో చూడండి. చిన్న కిటికీలోంచి టేపు చుట్ట అంచు కనిపిస్తుంది, దాని మీద తెల్లగా పొడిలాగా, దారాల్లాగా ఉంటే బూజు. మన కృష్ణా తీరం ఉక్కకి, వానాకాలం తేమకి ఇది మామూలే. బూజున్న క్యాసెట్ ఆడిస్తే ఆ బూజు హెడ్డుకి (ప్లేయర్లో టేపుని చదివే భాగం) అంటుకుని తర్వాత పెట్టే మంచి క్యాసెట్లకి కూడా పాకుతుంది. దాన్ని వేరే కవర్లో పెట్టి, సిలికా జెల్ పొట్లాలతో కొన్నాళ్ళు పొడిగా ఉంచి, తెలిసినవాళ్ళ చేత శుభ్రం చేయించండి. తర్వాత టేపు హెడ్డుని తాకే చోట, క్యాసెట్ నోటి దగ్గర, రాగి రేకు మీద చిన్న నల్ల ఫెల్టు ముక్క ఉంటుంది, అదుందో లేదో చూడండి. పాత క్యాసెట్లలో జిగురు ఎండిపోయి అది ఊడిపోతుంది. అది లేకపోతే పాట దూరం నుంచి వస్తున్నట్టు, మూతి మూసుకుని పాడినట్టు వినిపిస్తుంది. పనికిరాని క్యాసెట్లోంచి ఆ ముక్క తీసి ఇందులో పెట్టొచ్చు. ఏళ్ళ తరబడి కదలని టేపుని ముందు ఒకసారి చివరిదాకా, మళ్ళీ వెనక్కీ పూర్తిగా తిప్పాలి, లేదంటే చుట్టలు అతుక్కుపోయి మధ్యలో లాగేస్తుంది.

ప్లేయరు హెడ్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో దూదిపుల్ల పెట్టి తుడవండి, రబ్బరు రోలరు కూడా. దూది గోధుమరంగు పోయేదాకా. బెల్టు వదులైతే మార్పించండి, పాత రేడియో మెకానిక్కులు ఇంకా చేస్తున్నారు. బెల్టు సంగతి చిన్నది కాదు. వేగం 6 శాతం తగ్గితే శ్రుతి దాదాపు ఒక మెట్టు కిందికి పోతుంది, మీరేమో ఆరోజు ఆయన తక్కువ శ్రుతిలో పాడారు అని పుస్తకంలో రాసుకుంటారు.

హెడ్డు పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, దాంతో హెడ్డు వాలు సరిచేస్తారు. రికార్డు చేసిన మెషిన్ వాలూ, మీ మెషిన్ వాలూ ఒకటి కాకపోతే పై స్థాయి ధ్వనులు మొద్దుబారిపోతాయి. చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ స్క్రూని వెంట్రుకవాసి తిప్పుతూ వినండి. తంబూరా తీగ మోత, మృదంగం చాపు దెబ్బ స్పష్టంగా వచ్చిన చోట ఆపండి. మొద్దుగా ఉన్న టేపు ఒక్కసారిగా విచ్చుకుంటుంది, ఆయన స్థాయిలు మారినప్పుడు గాలి పీల్చుకోవడం కూడా వినిపిస్తుంది.

కంప్యూటర్లోకి ఎక్కించడానికి ప్లేయరు లైన్ అవుట్ నుంచి కేబుల్. ల్యాప్‌టాప్ మైకు సాకెట్ సాధారణంగా మోనో, పైగా ధ్వని పగిలిపోతుంది, కాబట్టి స్టీరియో లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు ఒకటి కొనుక్కోండి. సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ, ఉచితం. లెవెల్ ఎంత పెద్ద చోటైనా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా పెట్టండి, తని ఆవర్తనంలో (మృదంగం ఒంటరిగా వాయించే భాగం) చివరి తీర్మానం ఒక్కసారిగా పైకి ఎగురుతుంది, అందుకని ముందు తని దగ్గర ఆడించి లెవెల్ చూసుకోండి. ల్యాప్‌టాప్ చార్జరు తీసేసి బ్యాటరీ మీద నడిపిస్తే సన్నటి కరెంటు మోత చాలావరకు పోతుంది. డబ్ల్యూఏవీ ఫైలుగా 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్‌లో దాస్తే స్టీరియో గంటకి దాదాపు 635 ఎంబీ అవుతుంది. ఫ్లాక్‌లోకి మారిస్తే నాణ్యత పోకుండా రమారమి సగానికి తగ్గుతుంది. ఎంపీ3 ఫోన్‌లో వినడానికి మాత్రమే, దాచుకోవడానికి కాదు.

నాయిస్ రిడక్షన్ బటన్ చూడగానే నొక్కాలనిపిస్తుంది. ఆగండి. ఆ సాఫ్ట్‌వేర్ ఆగకుండా ఒకే రకంగా మోగే ధ్వనిని రొద అనుకుంటుంది. కచేరీలో ఆగకుండా ఒకే రకంగా మోగేది తంబూరా. రొదతో పాటు తంబూరానీ ఊడ్చేస్తుంది, ఆయన గొంతు చుట్టూ ఉన్న గాలిని తీసేస్తుంది. ఏ మార్పూ చేయని ఫైలు ఒకటి ఎప్పటికీ అలాగే ఉంచండి, శుభ్రం చేసేదేమైనా కాపీ మీద చేయండి. కచేరీ అయిపోయాక చప్పట్లు, అనౌన్సర్ మాటలు కత్తిరించొద్దు. ఏ సభ, ఏ సంవత్సరం, పక్కవాద్యాలు ఎవరు అన్న ఆధారాలన్నీ ఆ మాటల్లోనే ఉంటాయి.

మా నాన్న టూ ఇన్ వన్‌లో రేడియో నుంచి పట్టిన క్యాసెట్ ఒకటి నా దగ్గరుంది. సీ-90 (తొంభై నిమిషాలది), ఎర్ర సిరాతో రాసిన అట్ట. ఒక ఆలాపన మధ్యలో వంటింట్లో గిన్నె కిందపడిన చప్పుడు, "ఆ సౌండు కాస్త తగ్గించండి" అని అమ్మ గొంతు, నాన్న తగ్గించకపోవడం, అన్నీ అందులో ఉన్నాయి. ఇలాంటి ఇంటి చప్పుళ్ళు మీ టేపుల్లో ఉంటే ఉండనివ్వండి, ఆయన్ని మన ఇళ్ళు ఎలా విన్నాయో చెప్పేవి అవే.

ఫైలు పేరు పెట్టేటప్పుడు ముందు సంవత్సరం, తర్వాత ఊరు, తర్వాత సందర్భం, తర్వాత ఏ వైపు. క్యాసెట్ అట్ట రెండువైపులా ఫొటో తీసి అదే ఫోల్డర్లో పెట్టండి. ఒక కాపీ ఇంట్లో, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న బంధువుల ఇంట్లో. హార్డ్ డిస్కు ఒక్కటే ఉంటే అది కాపీ కింద లెక్కకి రాదు.

బెజవాడలో ఉంటే

ఆయన పుట్టింది 1930 జులై 6న, అప్పటి తూర్పు గోదావరి జిల్లా శంకరగుప్తంలో, కానీ సంగీతం ఒంటబట్టింది బెజవాడలో. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర ఇక్కడే నేర్చుకున్నారు. పంతులు గారు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారి శిష్యులు, శాస్త్రి గారు మానంబుచావడి వెంకటసుబ్బయ్య గారి శిష్యులు, ఆయన త్యాగయ్య గారికి నేరుగా శిష్యులు. ఎనిమిదేళ్ళ వయసులో బాలమురళి గారు పూర్తి కచేరీ చేసింది కూడా ఇక్కడి త్యాగరాజ ఆరాధనోత్సవాల్లోనే. మురళీకృష్ణ పేరుకి ముందు "బాల" చేర్చింది హరికథ చెప్పే ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ గారు.

కాబట్టి ఊళ్ళో ఉన్నవాళ్ళు పుష్య బహుళ పంచమి, త్యాగరాజ ఆరాధన రోజు, తప్పిపోనివ్వొద్దు. ఆరాధన జరిగే చోటుకి వెళ్ళి పంచరత్నాలు గోష్ఠిగానం వినండి, వచ్చినవాళ్ళు గొంతు కలపండి. అక్కడ కూర్చునే పెద్దవాళ్ళలో ఆయన్ని ఎదురుగా విన్నవాళ్ళు ఇంకా ఉంటారు. పక్కన కూర్చుని "మీరెప్పుడు విన్నారండీ" అని అడిగితే చాలు, కచేరీలో ఏ కృతి తర్వాత ఏది పాడారో కూడా చెప్తారు. అనుమతి అడిగి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఇవి కూడా క్యాసెట్లంత విలువైనవే.

బందరు రోడ్డులో పున్నమ్మతోట ఆకాశవాణి ముందు నుంచి రోజూ వెళ్తుంటాం. 1948 డిసెంబరు 1న మొదలైన కేంద్రం అది, ఆయన అక్కడ పనిచేశారు, భక్తిరంజని అనగానే ఆయన పేరే గుర్తొస్తుంది. ఇప్పుడు ఆకాశవాణి ప్రసారాలు న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో కూడా వస్తాయి, పొద్దున్నే విజయవాడ కేంద్రం పెట్టుకునే అలవాటు చేసుకోండి. ఈ ఊరి ప్రభుత్వ సంగీత కళాశాలకి తొలి ప్రిన్సిపాల్ ఆయనే, ఇప్పుడది ఘంటసాల గారి పేరు మీద ఉంది. అక్కడ సాయంత్రం క్లాసుల్లో చేరి కనీసం సరళీస్వరాలు, అలంకారాలు నేర్చుకుంటే, ఇంతకుముందు చెప్పిన పనులన్నీ రెండింతలు తేలికవుతాయి. జనవరిలో జరిగే పుస్తక మహోత్సవంలో స్వరసహిత పుస్తకాలు కనిపిస్తే, ధర చూడకుండా కొనండి, మళ్ళీ ఏడాది ఉంటాయన్న నమ్మకం లేదు.

అవార్డుల లెక్కలు చూసుకోవడానికి పెద్ద టైము పెట్టొద్దు. సంగీత కళానిధి 1978, పద్మవిభూషణ్ 1991, అంతవరకు తెలిస్తే చాలు.

పదిమందితో వినడం

2016 నవంబరు 22న చెన్నైలో ఆయన వెళ్ళిపోయాక నాలాంటి చాలామంది ఇళ్ళల్లో ఎవరికి వాళ్ళం వింటూ ఉండిపోయాం. అలా కాకుండా నెలకో సాయంత్రం నలుగురు కలవండి. హాలు అక్కర్లేదు, ఎవరింట్లోనైనా చాప పరిస్తే సరిపోతుంది. స్పీకరు మాత్రం కాస్త మంచిది ఉండాలి, ఫోన్ స్పీకర్లో తంబూరా వినిపించదు. ఒక్కొక్కళ్ళు ఒక్క రచన మాత్రమే తేవాలి, అది సొంత రచనే అవ్వాలి, ఆయన పాడిన త్యాగరాజ కృతి ఎంత గొప్పదైనా ఆరోజుకి కాదు. పాట మోగుతున్నంతసేపు మాటలొద్దు, ఫోన్లు పక్కన పెట్టాలి. అయ్యాక తెచ్చినవాళ్ళు అది ఎందుకు తెచ్చారో రెండు ముక్కల్లో చెప్పాలి. మళ్ళీ ఒకసారి అదే పాట. రెండోసారి విన్నప్పుడే మాట్లాడుకోవడానికి ఏదైనా దొరుకుతుంది. జులై 6న కలిస్తే మహతితో మొదలుపెట్టి కదనకుతూహలం తిల్లానాతో ముగించండి, మధ్యలో మీ ఇష్టం.

కొత్తవాళ్ళని తీసుకొస్తే మొదటిరోజే వివాది మేళాలు పెట్టి భయపెట్టొద్దు. పిల్లలకి తిల్లానాలు నచ్చుతాయి, కాలేజీ కుర్రాళ్ళకి మూడు స్వరాల రాగం అనగానే ఆసక్తి పుడుతుంది, సంగీతం నేర్చుకుంటున్న అమ్మాయిలకీ అబ్బాయిలకీ వర్ణాలు. ఎవరికి ఏది పట్టుకుంటుందో చూసి అటువైపు నడిపించండి. "ఆయన్ని మించినవాళ్ళు లేరు" అని ఇతర విద్వాంసుల అభిమానులతో వాదనకి దిగొద్దు, ఆ అరగంటలో రెండు కృతులు వినిపించొచ్చు.

ఎవరైనా పాత క్యాసెట్లు తెచ్చి ఇస్తే, ఎవరిచ్చారో, ఎన్నిచ్చారో వాళ్ళ ఎదురుగానే కాగితం మీద రాయండి. ఎక్కించడం పూర్తయిన వారంలోపు క్యాసెట్లు తిరిగి ఇచ్చేయండి, వాటితో పాటు పెన్‌డ్రైవ్‌లో పాటలు కూడా వేసి ఇవ్వండి. ఇచ్చినవాళ్ళింట్లో పెద్దవాళ్ళు ఉంటే, వెళ్ళిన రోజే కూర్చుని వాళ్ళ టేపు వాళ్ళకి ఒక పక్క పూర్తిగా వినిపించి రండి. రెండో పెట్టె అటక మీద ఉందని వాళ్ళు అప్పుడే చెప్తారు.